పగలు చెప్పిన కథ

తిరువళ్ళూరు నుంచి వచ్చిన బస్సు తిరుత్తణి స్టాండులో ఆగింది. బుట్టలు, సంచులు, చంకల్లో పిల్లలు, అందరూ దిగిపోయారు. కిటికీ పక్క సీట్లో ఒక మనిషి మాత్రం దిగలేదు. కిటికీ కమ్మికి తల ఆనించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరో చెప్పిన మాటకు నవ్వి, ఆ నవ్వు ఆరకముందే నిద్రపోయినట్టు ఉంది ముఖం. కండక్టరు "అయ్యా, తిరుత్తణి వందుడుచ్చు" అని, ఊరు వచ్చేసిందని కేకేశాడు. పలకలేదు. దగ్గరికొచ్చి భుజం తట్టాడు. ఆ మనిషి పక్కకు ఒరిగిపోయాడు.

ఆయన పేరు తణికాచలం. మగ్గం నేసేవాడు. స్టాండులో పూలు కట్టే ఆడవాళ్ళ దగ్గర్నుంచి టీకొట్టు దాకా ఆయన్ని ఎరగనివాళ్ళు లేరు కాబట్టి ఎవరన్నది వెంటనే తెలిసిపోయింది. తెలియనిది ఇంకొకటి. ఆ పొద్దున ఆయన ఇంట్లో చెప్పి బయల్దేరింది పుత్తూరుకు, నూలుకు రంగు వేయించుకు రావడానికి. పుత్తూరు ఒక దిక్కు, తిరువళ్ళూరు ఇంకొక దిక్కు. పుత్తూరుకు పోయిన మనిషి తిరువళ్ళూరు బస్సులోంచి శవమై దిగడమేమిటి?

సాయంత్రం ఆ వార్త మోసుకుని తిరువళ్ళూరుకు వచ్చినవాడు చౌడయ్య. తణికాచలానికి పక్కింటివాడు, పక్క మగ్గంవాడు. ఆయన వచ్చేసరికి తణికాచలం అక్క సెల్లమ్మ బియ్యం కడుగుతోంది. ఆమె కూతురు అమృతవల్లి పరీక్ష పేపర్లు దిద్దుతోంది. చౌడయ్య చెప్పులు విడవకుండా గడపలోనే నిలబడిపోయాడు.

"సెల్లక్కా, మన తణికాచలం..."

"ఏమైంది వాడికి?"

"బస్సులో వస్తావస్తా పోయినాడక్కా. తిరువళ్ళూరు నుంచి వచ్చే బస్సులో."

సెల్లమ్మ చేతిలో బియ్యం గిన్నె అట్లాగే ఉంది. "తిరువళ్ళూరు బస్సా? వాడు పుత్తూరు గదా పోతానన్నాడు."

"అదే ఎవురికీ అంతు దొరకలేదు. దారి తప్పినాడో ఏమో పాపం."

చౌడయ్య ఏమీ ఎరగక అన్న మాట అది. సెల్లమ్మ గిన్నె కింద పెట్టింది. మెల్లగా తల తిప్పి కూతురి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఏడుపూ లేదు. మెట్టు ఉందనుకుని కాలు పెట్టిన మనిషికి మెట్టు అందకపోతే ముఖం ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

"చెప్పినా గదా వల్లీ," అంది. "పగలు వద్దని చెప్పినా గదా."

అమృతవల్లి చేతిలోని ఎర్ర పెన్ను పేపరు మీద ఒకచోటే ఆగి, అక్కడ సిరా పెద్ద చుక్కయింది.

*

అమృతవల్లి తిరువళ్ళూరులో తెలుగు టీచరు. పెళ్ళి కుదరలేదు. కొన్నాళ్ళకు కుదుర్చుకోవాలన్న పట్టుదలా పోయింది. ఏ మాటయినా ఒకసారి లోపల అనుకుని చూసుకుని గాని పైకి అనదు. తండ్రి పోయాక తల్లిని తిరుత్తణి నుంచి తన దగ్గరికి తెచ్చుకుంది. మగ్గం రాలేదు గాని రాట్నం వచ్చింది. తమ్ముడి మగ్గానికి కావలసిన నూలు కండెలు సెల్లమ్మ ఇక్కడే చుట్టి పెట్టేది. తణికాచలం ఆదివారం వచ్చి పట్టుకుపోయేవాడు. కండెలు చుట్టేవాళ్ళు తిరుత్తణిలో వీధికి పదిమంది ఉన్నారు. ఆయన వచ్చేది కథకు.

వాళ్ళ ఇంట్లో కథలు ఎప్పటివో ఎవరికీ తెలియదు. సెల్లమ్మకు వాళ్ళ అవ్వ చెప్పింది. ఆ అవ్వకు ఇంకో అవ్వ. దీపం పెట్టాక మగ్గం ఆగేది, ఆడవాళ్ళు కండెలకు కూర్చునేవాళ్ళు, కథ మొదలయ్యేది. కథకు ఒకరు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. కథ ఆగితే కళ్ళు మూతలు పడతాయి, నూలు తెగుతుంది. ఆ ఊ కొట్టే పని చిన్నప్పటి నుంచీ తణికాచలానిది. ఆయన ఊ అందరిలాంటిది కాదు. ముక్కులో పుట్టి, గొంతులోకి దిగి, చివర ఏదో అడుగుతున్నట్టు పైకి లేచేది. ఆ ఊ విన్నాక కథ చెప్పేవాళ్ళు ఆగలేరు. తలనెరిసి, మనవళ్ళను ఎత్తుకున్నా ఆయన ఆ పని ఇంకొకరికి ఇవ్వలేదు.

పగలు మాత్రం కథ లేదు. పగలు కథ చెబితే మేనమామలు దారి తప్పిపోతారు. ఆ ఇంట్లో ఏ పిల్ల ఎంత మారాం చేసినా ఆ ఒక్క మాటతో నోరు మూసుకునేది. చెవులు కుట్టేటప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని కళ్ళు మూసే మనిషి, జాతరలో భుజం మీద ఎక్కించుకునే మనిషి, యాడనో దారి తెలియక నిలబడి ఉంటాడంటే ఏ పిల్లకు మాత్రం కథ కావాలనిపిస్తుంది?

ఆ మాటను కాదన్నది అమృతవల్లే. తెలుగు పీరియడుకు వచ్చే పిల్లలు తెలుగు పుస్తకాన్ని ముళ్ళకంపను చూసినట్టు చూస్తారు. గోడమీది తమిళ పోస్టరు పరుగెత్తుకుంటూ చదివేవాళ్ళు తెలుగు మాటను అక్షరం అక్షరం తడుముకుంటారు. ఇంట్లో మాట్లాడే భాష బడిలో పరాయిదైపోయింది. అమ్మ నోటి కథ ఒక్కటి వింటే ఇది తమ భాషేనని తెలుస్తుందని ఆమెకు తోచింది. మామ పోవడానికి ముందరి ఆదివారం అమ్మను అడిగింది.

"బుధవారం నువ్వు ఇస్కూలుకు రావాలమ్మా. పిల్లోళ్ళకు ఒక కథ చెప్పాల."

"పగలా?"

"ఇస్కూలు ఉండేది పగలే గదమ్మా."

"నాకుండేది ఒక తమ్ముడు. నీకుండేది ఒక మామ. వాడు యాడన్నా తప్పిపోతే తెచ్చిస్తావా?"

తణికాచలం కండెల సంచి ముడి వేస్తూ పెద్దగా నవ్వాడు. "చెప్పక్కా, సుమ్మా చెప్పు, ఏం కాదు. తిరుత్తణి, నగరి, పుత్తూరు, మీ తిరువళ్ళూరు తప్ప నాకు వేరే ఊరు యాడుంది తప్పిపోయేదానికి? పగలు కథలకు కూచుంటే మగ్గం నిలిచిపోతుందని మన అవ్వ కట్టిన మాట గదా అది. నువ్వింకా దాన్ని పట్టుకోని..."

"నోరు కడుక్కోపోరా. పెద్దోళ్ళ మాట."

"సరే, బుధవారం నేను పుత్తూరు పోవాల. దారి గట్టిగా చూసుకుంటా పోతాలే. ఎవురన్నా 'ఏమయ్యా, కిందే చూస్తా పోతా ఉండావు' అంటే, మా అక్క కథ చెప్తా ఉంది, దారి నా కాళ్ళ కింద నుంచి జారిపోకుండా చూసుకుంటా ఉండా అంటా."

సెల్లమ్మకు నవ్వు వచ్చింది. నవ్వు వచ్చాక ఒప్పుకోక తప్పలేదు.

బుధవారం సెల్లమ్మ క్లాసులో కుర్చీ అంచున, ఎవరో లేపేస్తారన్నట్టు కూర్చుంది. పిల్లి పెళ్ళి కథ ఎత్తుకుంది. ఒక పిల్లికి పెళ్ళి కుదిరింది. చీర నేసిపెట్టమని నేతగాడి ఇంటికి పోయింది. నేతగాడు, "నేసేదానికేమి, నేస్తా. నా నూలంతా ఎలకలు కొరికేస్తా ఉండాయి. ముందు వాటితో మాట్లాడుకో" అన్నాడు. పిల్లి పోయి కలుగు ముందర కూర్చుని ఎలకలను బతిమాలింది: చీర మగ్గం దిగేదాకా మీరు నూలు ముట్టొద్దు, నేను మిమ్మల్ని ముట్టను. ఎలకలు ఒప్పుకున్నాయి. పిల్లలకు మొదట ఊ కొట్టడానికి సిగ్గయింది. పిల్లి కలుగు ముందర చేతులు కట్టుకుని కూర్చున్న చోటికి వచ్చేసరికి క్లాసంతా ఒకే గొంతుతో ఊ అంటోంది. కిటికీ పక్క ఆఖరి బెంచీ పిల్లలు మాత్రం మాటిమాటికీ బయటికి చూసి ముసిముసిగా నవ్వుతున్నారు. అమృతవల్లి వాళ్ళ వైపు ఒక చూపు చూసింది. ముందుకు తిరిగి బుద్ధిగా కూర్చున్నారు.

చీర దిగింది. పెళ్ళిరోజు వచ్చింది. పిల్లి కొత్త చీర కట్టుకుని పీటల మీద కూర్చుంది. అప్పుడు ఒక ముసలి ఎలక, చదివింపుకని నోట ఒక నూలుపోగు కరుచుకుని, నేరుగా పెళ్ళిపందిట్లోకి నడిచి వచ్చింది. చీర దిగిపోయింది గదా, ఇంక ఒప్పందం లేదు. పిల్లి మీసాలు అదిరినాయి...

గంట కొట్టారు. లెక్కల మాస్టరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఇంకొంచెమే ఉంది వల్లీ," అంది సెల్లమ్మ.

"మిగిలింది రేపు చెప్దాములేమ్మా," అంది అమృతవల్లి, మాస్టరుకు మర్యాదగా దారి ఇస్తూ.

*

చావింట్లో ఏడుపు కంటే గుసగుస ఎక్కువైంది. ఎవరు వచ్చినా ముందు శవాన్ని చూస్తారు, తర్వాత ఆ ప్రశ్న వేస్తారు. తణికాచలం భార్య రాజామణి సెల్లమ్మ చెయ్యి పట్టుకుని వదలలేదు.

"మీ ఇంటికొచ్చినాడా వొదినా?"

"రాలేదమ్మా."

"మీ ఇంటికి రాకుండా తిరువళ్ళూరులో ఆయనకు ఏం పని?"

వెనక నుంచి ఎవరో ఒకామె, వినబడేటంత మెల్లగా, "మగోళ్ళకు ఏం పనులుంటాయో మనకు చెప్పి పోతారా" అంది. రాజామణి ఏడుపు ఆగిపోయింది. భర్త ముఖం మీద ఆరని ఆ నవ్వు వైపు ఆమె కొత్తగా చూసింది. ఆ చూపును అమృతవల్లి గమనించింది. చనిపోయిన మనిషి నవ్వుకు కూడా కారణం చెప్పుకోవలసి వస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

దినాలు అయ్యాయి. సెల్లమ్మ తిరువళ్ళూరుకు తిరిగొచ్చింది గాని ఆమె గొంతు రాలేదు. ఉప్పు, నీళ్ళు, తలుపు, ఇంతవరకే మాటలు. రాట్నం మీద పాత దుప్పటి కప్పింది. దీపం పెట్టే వేళయితే ఇంట్లో కూర్చోలేక పెరట్లోకి పోయి బట్టలు ఉతికే రాయి మీద కూర్చునేది. చీకటి బాగా పడ్డాక లోపలికి వచ్చేది.

ఒకసారి అమృతవల్లి వెనకాలే పోయి పక్కన నిలబడింది. "అమ్మా, మామ గుండె ఆగి పోయినాడని డాక్టరు చెప్పినాడు గదా. పుత్తూరు బస్సులో ఉన్నా అదే అయ్యుండేది."

"నోరు తెరవలేను వల్లీ. అడగొద్దు."

"నన్ను తిట్టన్నా తిట్టు."

"నిన్నెందుకు తిట్టేది?" అని సెల్లమ్మ అటు తిరిగి కూర్చుంది.

బడిలో పిల్లలు ఊరుకోలేదు. "టీచర్, పిల్లి ఎలకను తినేసిందా?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. తినేసిందని ఒక బెంచీ, లేదని ఇంకొక బెంచీ పందేలు కూడా వేసుకున్నాయి. తర్వాతి మాట ఏమిటో అమృతవల్లికి తెలుసు. ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఆ మాట దగ్గర మామ తొడ మీద చరుచుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వేవాడు. ఇప్పుడు అది నోట్లోకి వస్తే పుస్తకం అందుకుని, "పాఠం తీయండి" అనేది.

ఇంకొక సంగతి కూడా అప్పుడే ఆమెకు అర్థమైంది. ఆ కథలన్నీ ఆమె విన్నది, అంతే. ఒక్కటీ ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. అమ్మ నోరు ఇట్లాగే మూతపడిపోతే, అన్ని తరాల అవ్వలు తన దగ్గరికి వచ్చి ఆగిపోతారు.

*

బడి గోడకు ఆనుకుని ఏసు సోడా బంకు ఉంది. భార్య కాన్పుకని ఏసు పళవేర్కాడుకు పోయినందువల్ల అది చాలా రోజులుగా మూసి ఉంది. ఒక సాయంత్రం బడి వదిలి అమృతవల్లి బయటికి వచ్చేసరికి బంకు తెరిచి ఉంది. ఏసు దూరం నుంచే చెయ్యి ఊపాడు.

"టీచరమ్మా! ఆడబిడ్డ పుట్టింది!"

"సంతోషం ఏసూ."

"మీ మామ బాగుండాడా టీచరమ్మా? మళ్ళా రాలేదే ఈ తట్టు?"

అమృతవల్లి నడక ఆగిపోయింది. "ఏ మామ?"

"అదే, తిరుత్తణి ఆయన. అమ్మగారు ఇస్కూలుకు వచ్చి కథ చెప్పిన రోజు. ఆ కిటికీ కాడ నిలబడి ఊ కొడతా ఉండె గదా." ఏసుకు ఆ రోజు గుర్తొచ్చి ముందే నవ్వు వచ్చేసింది. "నేను పోయి 'ఎవురయ్యా నువ్వు, ఇస్కూలు కిటికీలో దూరతావు' అంటి. 'ఉష్షు, లోపల కథ చెప్పేది మా అక్క' అనె. 'అయితే లోపలికి పో' అంటే వినడే."

ఆమెకు తన చేతిలో సంచి ఉన్నట్టు తెలియలేదు. అది కింద పడ్డాక తెలిసింది. ఏసు వంగి తీసి బల్ల మీద పెట్టాడు. కథ చెప్పే ఊపులో ఉన్నాడు, ఆమె ముఖం చూడలేదు.

"ఎందుకయ్యా ఇట్ల దొంగోడి మాదిరి అంటే ఏమన్నాడో తెలుసా? 'పుత్తూరు బస్సుకని నిలబడుంటి. తిరువళ్ళూరు బస్సు వచ్చి ముందర నిలిచె. పగలు కథ చెప్తే మామ దారి తప్పుతాడని మా అవ్వ మాట. అక్క చెప్తా ఉంది, మామను నేను. నేను దారి తప్పకుంటే మా అవ్వ మాట అబద్ధమైపోదా? అందుకని నేనే తప్పి వచ్చేసినా' అని ఒకటే నవ్వు! ఇట్లాంటి మనిషిని నేను చూడలేదు టీచరమ్మా."

"లోపలికి ఎందుకు రాలేదు?"

"అదీ అడిగినా. 'ఇప్పుడు కనబడితే అక్క బెదిరిపోతుంది. మామ నిజంగానే దారి తప్పి వచ్చేసినాడని అక్కడే కూలబడుతుంది. ఆదివారం పోయి నిమ్మళంగా కూచోబెట్టి చెప్పి, కడుపుబ్బ నవ్విస్తా. నువ్వు ముందరే చెప్పి చెడగొట్టొద్దు' అనె. గంట కొట్టేసినారు గదా, కథ సగంలో నిలిచిపాయె. నాకు ఊపిరి ఆడలేదు. 'అయ్యా, ఎలక సంగతి ఏమాయె?' అంటి. ఆయన ఇట్ల పిల్లి మాదిరి నడుం నిటారుగా పెట్టి, మీసం సర్దుకోని, 'ఈపొద్దుకు నువ్వు సుట్టానివి. రేపు మాట్లాడుకుందాం' అనె. తొడ చరుచుకోని నవ్వతానే బస్సెక్కి పాయె. మా ఆడదానికి కూడా చెప్పినా. నొప్పులు పడతా కూడా నవ్వింది."

అమృతవల్లి బంకు బల్ల అంచు పట్టుకుంది. కాసేపు ఆమెకు రోడ్డు మీద పోతున్న బస్సులు కనబడ్డాయి గాని చప్పుడు వినబడలేదు. తర్వాత, ఒక్కొక్క మాటను ఏరి పెట్టినట్టు అడిగింది.

"ఆయన బాగనే ఉన్నాడా ఏసూ, ఆ రోజు?"

"బాగనే ఉండె. చెమట పట్టి ఉండె, ఎండకేమో అనుకుంటి. సోడా తాగి రొమ్ము ఇట్ల రుద్దుకుంటా ఉండె. తేపు రాలేదనె. ఎందుకు టీచరమ్మా?"

చెప్పక తప్పలేదు. చెప్పింది. ఏసు చేతిలో ఉన్న సోడా సీసాను ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, చివరికి దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయాడు.

"ఆ బస్సులోనేనా?" అన్నాడు. "నేను చెయ్యి ఊపినా టీచరమ్మా. ఆయనా ఊపె."

*

ఇంటికి పోయే దారి ఎప్పుడూ ఉన్నంతే ఉంది. ఆ రోజు అది చాలలేదు.

మామ తెలియక దారి తప్పలేదు. ఎవరూ తప్పించలేదు. కథ కోసం కావాలని తప్పాడు. తిరువళ్ళూరులో ఆయనకు ఏం పని అని అడిగిన ఊరికంతటికీ ఇప్పుడు జవాబు ఉంది. రాజామణి అత్తకు ఆ జవాబు రేపే అందాలి. కానీ అమ్మకు? నువ్వు కథ చెప్పినందువల్లే ఆయన ఆ బస్సెక్కాడని కూడా ఆ జవాబులోనే ఉంది. పగటి కథ మామను దారి తప్పిస్తుందన్న మాటను అమృతవల్లి ఇన్నాళ్ళూ మూఢనమ్మకమంటూ వచ్చింది. ఇప్పుడది నిజమైందని తన నోటితోనే అమ్మకు చెప్పాలి. చెప్పకుండా దాచితే, ఆ నవ్వు దాచినట్టే. ఆదివారం వచ్చి అక్కను కూర్చోబెట్టి నవ్వించాలనుకున్న మనిషి మాటను మధ్యలో తినేసినట్టే.

దీపం పెట్టే వేళయింది. సెల్లమ్మ దీపం వెలిగించి ఎప్పటిలాగే పెరట్లోకి పోబోయింది.

"ఉండమ్మా. కూచో."

కూతురి గొంతులో ఏం వినబడిందో, సెల్లమ్మ కూర్చుంది. అమృతవల్లి ఎదురుగా కూర్చుంది. వార్తలాగా చెప్పాలని దారంతా మాటలు సిద్ధం చేసుకుంది. ఒక్కటీ రాలేదు. వచ్చింది వేరేది.

"తిరుత్తణి బస్టాండులో ఒక మనిషి పుత్తూరు బస్సుకని నిలబడి ఉన్నాడంట," అంది.

సెల్లమ్మ ఊ అనలేదు. కళ్ళు ఎత్తింది, అంతే.

"పుత్తూరు బస్సు రాకముందే తిరువళ్ళూరు బస్సు వచ్చి ఆయన ముందర నిలిచిందంట. ఆయన అనుకున్నాడంట, అక్క ఈపొద్దు పగలు కథ చెప్తా ఉంది. మామను నేను. నేను దారి తప్పకుంటే మా అవ్వ మాట అబద్ధమైపోతుంది గదా అని. ఎక్కేసినాడంట."

సెల్లమ్మ చెయ్యి గోడను వెతుక్కుంది. అమృతవల్లికి ఆపెయ్యాలనిపించింది. ఆపలేదు.

"ఇస్కూలుకు పోయి, కిటికీ కాడ నిలబడి, కథంతా విన్నాడంట. ఊ కూడా కొట్టినాడంట."

"ఏమంటివి?"

"ఊ కొట్టినాడంటమ్మా. సోడా అంగడి ఏసు చూసినాడు."

సెల్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నాకు వినబడింది వల్లీ. ఎలక పందిట్లోకి వచ్చిందన్నెప్పుడు, పిల్లోళ్ళంతా ఊ అనినాక, కిటికీ తట్టు నుంచి ఇంకొకటి వచ్చె. వాడి ఊ నాకు తెలీదా? నేను సరిగా వినలేదేమో అనుకుంటి. సాయంకాలం చౌడయ్య వచ్చి ఆ మాట చెప్పినాక..." ఆమె గొంతు దిగిపోయింది. "అది వాడు కాదు, వాడి ప్రాణమనుకుంటి. యాడనో పడిపోయి, ప్రాణం మాత్రం వచ్చి నాకు ఊ కొట్టి పోయిందనుకుంటి. ఇంక నేను యాడ నోరు తెరిచేది? తెరిస్తే మళ్ళా కొడతాడని భయం. చచ్చినోడి చేత కూడా ఊ కొట్టించుకునేదాన్నా నేను?"

పెరట్లో రాయి మీద చీకట్లో కూర్చున్న ఇన్ని సాయంత్రాలూ అమ్మ కథను తలుచుకుని ఏడుస్తోందనుకుంది అమృతవల్లి. కాదు. కథ నుంచి పారిపోయి దాక్కుంటోంది.

"బతికుండే కొట్టినాడమ్మా. సోడా తాగినాడు."

"సోడా తాగినాడా?"

"తాగినాడు. గంట కొట్టినాక ఏసు అడిగితే, ఎలకతో పిల్లి ఏమన్నదో కూడా చెప్పినాడంట. పిల్లి మాదిరి కూచోని."

"మీసం సర్దుకున్నాడా?"

"సర్దుకున్నాడంట."

సెల్లమ్మ ఏడ్చింది. తమ్ముడు పోయాక అదే మొదటిసారి. ఏడుస్తూ మధ్యలో, "వెధవ, లోపలికి రాకపోయె" అంది. ఆదివారం వచ్చి చెప్పి నవ్విద్దామనుకున్నాడంట అని అమృతవల్లి అనగానే మళ్ళీ ఏడ్చింది. తర్వాత ముఖం తుడుచుకుని, కాళ్ళు ముడుచుకుని, గోడకు ఆనుకుని సర్దుకుంది.

"సరే. తర్వాత? చెప్పు, ఆగితే ఎట్ల?"

"బస్సెక్కినాడంట," అంది అమృతవల్లి.

"ఊ."

"కిటికీ పక్కన కూచున్నాడంట. ఏసుకు చెయ్యి ఊపినాడంట."

"ఊ."

రొమ్ము రుద్దుకున్న సంగతి ఆమె చెప్పలేదు. ఏరి పక్కన పెట్టింది. కానీ ఆ చోట ఆమె ఆగిన కొంచెంసేపట్లో కూడా, అక్కడ ఒక మాట ఉందని తెలిసినట్టే, సెల్లమ్మ ఊ అంది.

"నవ్వుకుంటానే నిద్రపోయినాడంట," అంది అమృతవల్లి.

సెల్లమ్మ లేచి వెళ్ళి రాట్నం మీది దుప్పటి తీసి మడత పెట్టింది. మడత పెడుతూ అంది.

"పిల్లోళ్ళకు కథ మిగిలిపాయె గదా."

"నువ్వొచ్చి చెప్తావా?"

"నువ్వే చెప్పు. ఇప్పుడు చెప్పినావు గదా, బాగనే ఉంది. గొంతు కొంచెం పెంచు."

"పగలే చెప్పాల అమ్మా. ఆ పిల్లోళ్ళందరికీ మామలుంటారు."

సెల్లమ్మ ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. దుప్పటి ఒళ్ళో పెట్టుకుని నిజంగానే ఆలోచించింది.

"ఉంటారు," అంది. "వస్తే రానీ. కిటికీ మాత్రం మూయొద్దు."

*

మరునాడు పొద్దున్నే అమృతవల్లి, ఏసు చెప్పిందంతా చౌడయ్య ద్వారా రాజామణికి కబురు పంపింది. బడిలో పాఠం తీయమనలేదు. కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"పిల్లి పీటల మీద కూచోనుంది," అంది అమృతవల్లి, పుస్తకంలో లేని తెలుగులో. "ముసలి ఎలక నోట్లో నూలుపోగు పెట్టుకోని పందిట్లోకి వచ్చింది."

"ఊ!" అంది క్లాసు.

ఆ ఊ సద్దుమణిగాక, కిటికీ వైపు నుంచి ఇంకొకటి వచ్చింది. ముక్కులో పుట్టి, గొంతులోకి దిగి, చివర ఏదో అడుగుతున్నట్టు లేచింది.

అమృతవల్లి వేళ్ళు కుర్చీ చేతుల మీద బిగుసుకుపోయాయి. ఒక్క క్షణం ఆమె లోకంలో ఉన్న కారణాలన్నీ మరిచిపోయింది. ఆఖరి బెంచీ పిల్లలు కిటికీ వైపు తిరిగి ముసిముసిగా నవ్వుతున్నారు. ఈసారి వాళ్ళ వైపు ఆమె ఆ చూపు చూడలేదు. వాళ్ళు చూసిన వైపే తనూ చూసింది. కిటికీ కమ్ముల వెనక, తలమీద కొంగు కప్పుకుని, ఏసు ఇచ్చిన సోడా సీసా చేత్తో పట్టుకుని, సెల్లమ్మ నిలబడి ఉంది. అక్కాతమ్ముళ్ళకు ఊ కొట్టడం నేర్పింది ఒకే అవ్వ అని అమృతవల్లికి ఇన్నేళ్ళూ తట్టనేలేదు.

"ఏమన్నది టీచర్, పిల్లి?"

ఆమె నడుం నిటారుగా పెట్టుకుంది. లేని మీసాన్ని రెండు వేళ్ళతో సర్దుకుంది. మాట ఎత్తబోయి ఒకసారి అటు చూసింది. కిటికీ దగ్గర నుంచి ఇంకో ఊ వచ్చింది, ఈసారి కొంచెం గదమాయింపుగా.

"ఈపొద్దుకు నువ్వు సుట్టానివి," అంది అమృతవల్లి ఎలకతో. "రేపు మాట్లాడుకుందాం."